కళ్ళు, కల్లు, నరాల బలహీనత

తలుపు పక్కన ఉద్యోగం

ఆయా పనంటే గుడ్డలు ఉతకడం, బేసిన్లు ఎత్తడం అని చెప్పి చేర్చుకుంటారు. అవీ ఉంటాయి. కానీ నా ఉద్యోగంలో ఎక్కువ భాగం ఒక తలుపు పక్కన నిలబడడంతోనే గడిచింది. లోపల డాక్టరుగారు, బయట బెంచీల మీద జనం, మధ్యలో నేను. ఎవరిని ముందు పంపాలి, ఎవరిని ఇంకాసేపు కూర్చోబెట్టాలి, ఎవరు కళ్ళు తిరిగి పడిపోయేలా ఉన్నారు, ఎవరు కొట్లాటకు వచ్చారు, ఇవన్నీ చూసుకోవాలి. దీనికి చదువు అక్కర్లేదని అప్పటి పెద్దల నమ్మకం. లోపలి పనికి కూడా కొన్నిసార్లు అంతగా అక్కర్లేదని నాకు అనిపించేది గానీ, నన్ను అడిగిన వాళ్ళు లేరు.

మాది గుంటూరులో మిర్చి వర్తకులూ పత్తి వర్తకులూ చందాలు వేసుకుని కట్టించిన ఆసుపత్రి. పేరు రాయను. అక్కడ మంచాల కంటే గోడ మీద దాతల పేర్లే ఎక్కువ ఉండేవని మాత్రం చెప్పగలను. పొద్దున తలుపు తీస్తే మధ్యాహ్నం భోజనాల వేళకు మూసేసేవాళ్ళం. ఎవరికైనా జబ్బంటూ ఉంటే అది ఆ లోపలే కనపడాలి. సాయంత్రం కనపడే జబ్బులు మా బాధ్యత కాదు.

మా పెద్ద డాక్టరుగారికి మూడు జబ్బులు బాగా వచ్చు. పొట్టలో ఏం జరిగినా వేడి. ఒంట్లో ఏం జరిగినా నీరసం. ఈ రెంటిలోనూ ఇమడనిది నరాల బలహీనత. మూడోదానికి ఎర్రటి సూదిమందు ఒకటి ఉండేది. ఆ రంగు చూస్తేనే జనానికి సగం నయమయ్యేది. తగ్గనివాడు మళ్ళీ వస్తే, "నీకు నమ్మకం లేదయ్యా, అందుకే తగ్గలేదు" అని పంపేవారు.

ఆయన చెడ్డవాడని నేననను. విరిగిన చెయ్యి కడితే అది మళ్ళీ చేతిలాగే పనిచేసేది. కాన్పు కష్టమైతే అన్నం ముందు నుంచి లేచి వచ్చేవారు. "నాకు తెలియలేదు" అన్న ఒక్క మాటే ఆయన నోట నేను వినలేదు. ఈ పనిలో కొత్తగా చేరే అమ్మాయిలకు నా సలహా: ఆ మాట అనగలిగే డాక్టరు ఎక్కడైనా ఉంటే ఆయన దగ్గరే చేరండి. అలాంటి డాక్టర్లు ఉన్నారని వినికిడి.

పత్తి గోడౌను ముందు బడి

నాకు అక్షరాలు రాకపోవడం వల్ల మా కాంపౌండరుకు పని పెరిగింది. ప్రతి చీటీ ఆయన చదివితే నేను పిలవాలి. ఒకరోజు విసుక్కున్నాడు.

"రత్తమ్మా, నేను మందులు కలపాలా, నీకు పేర్లు చదివి పెట్టాలా? నలభైకి దగ్గర పడుతున్నావు, ఇంకెప్పుడు నేర్చుకుంటావు?"

"నేర్పేవాడుంటే ఇప్పుడే నేర్చుకుంటాను," అన్నాను.

నేర్పేవాడు మా పేటలోనే ఉన్నాడు. సుబ్బరాయుడు మాస్టారు. పగలు వర్తకుల కమిటీ ఒకటి నడిపే ఎయిడెడ్ స్కూల్లో పంతులు. పొద్దుగూకాక ఒక పత్తి గోడౌను ముందు దీపం పెట్టి, మాలాంటి ముదురు పిల్లలకు ఊరికే చదువు చెప్పేవారు. మిరపకాయల ముచ్చికలు తీసే ఆడవాళ్ళు చేతుల మంటతోనే వచ్చి పలకలు పట్టేవాళ్ళు. జట్కా సాంబయ్య గుర్రానికి గడ్డి వేసి వచ్చేవాడు. గుర్రమే ముందు నేర్చుకునేలా ఉందని మాస్టారు అనేవారు.

మాస్టారికి ఉచ్చారణ పట్టింపు ఎక్కువ. "ణ పలకాలి, ళ పలకాలి. నాలుక మడత పెట్టండి. ఊరికే నోట్లో పడుకోబెడితే అది నాలుక కాదు, వక్కాకు," అని కేకలేసేవారు. పొద్దున స్కూల్లో ఆయన పాఠం చెబుతుంటే రోడ్డు అవతల ఉన్నవాళ్ళకు కూడా ఎక్కాలు వచ్చేసేవి.

అలాంటి మనిషికి ఒక ఏడాది నుంచి సాయంత్రమయ్యేసరికి నాలుక తిరగడం మానేసింది. కంటి రెప్పలు కిందికి జారేవి. ఒక కన్ను చేత్తో మూసుకుని బోర్డు మీద రాసేవారు. రెండూ తెరిస్తే రెండు బోర్డులు కనపడుతున్నాయట. గడ్డం కింద చెయ్యి ఆన్చుకుంటే తప్ప తల నిలిచేది కాదు. మాట ముక్కులోంచి వచ్చేది.

ఒక సాయంత్రం ముఖంలో భాగాలు రాయిస్తున్నారు. ముక్కు, చెవి, నోరు అయ్యాయి. "రాయండి. కల్లు," అన్నారు.

గురువు మాట జవదాటకూడదు కదా. అందరం కల్లు అని రాశాం. మాస్టారు ఒక కన్ను మూసుకుని మా పలకలు చూశారు.

"కల్లు కాదమ్మా! కల్లు!"

సాంబయ్య ఇక ఆగలేకపోయాడు. "మాస్టారూ, రెండు కల్లుల్లో ఏది బాగుంటదో తమరే చెప్పాలి. మేము ఒకటే రుచి చూశాం."

జనం పలకలు పక్కన పెట్టి నవ్వారు. మాస్టారు కూడా నవ్వబోయారు గానీ, ముఖం నవ్వులా కాకుండా ఏడుపులా తిరిగింది.

మద్యనిషేధం అమల్లో ఉన్న రోజులవి. అంటే కల్లు ఎక్కడ దొరుకుతుందో పసిపిల్లలకు కూడా తెలిసిన రోజులు. నిజంగా తాగేవాళ్ళు దొడ్డిదారిన వెళ్ళి, నిటారుగా నడుచుకుంటూ వచ్చేవాళ్ళు. పొగాకు నమలని, తమలపాకు కూడా వేసుకోని ఈ మనిషి మాత్రం నడివీధిలో తూలుతూ, ముద్దముద్దగా మాట్లాడుతూ పోయేవారు. ఇంకేం కావాలి? మాస్టారు తాగుతున్నాడని పేటంతా తీర్మానించేసింది. నాకైతే అదేమీ పట్టలేదు. తాగితే తాగాడు, అక్షరాలు చెబుతున్నాడు. తాగకుండా ఏమీ చెప్పనివాళ్ళను అప్పటికే చాలామందిని చూశాను.

కమిటీకి మాత్రం పట్టింది. ప్రెసిడెంటు కోటయ్యగారు మిర్చి కమీషన్ వ్యాపారి. ఆయన మాస్టారిని పిలిపించి, "వేసవి సెలవులు ఇచ్చేలోగా నువ్వు తాగుబోతువి కాదని డాక్టరు చేత చెప్పించు. లేదంటే కొత్త ఏడాదికి కొత్త మాస్టారిని చూసుకుంటాం," అని చెప్పేశారు. ఆ ఉద్యోగం పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగే దారి ఇంకొకటి లేదు. తాగుబోతని తీసేసిన పంతులును ఇంకో బడి చేర్చుకోదు కూడా.

తలా ఒక జబ్బు

అప్పుడు మొదలైంది డాక్టర్ల చుట్టూ తిరగడం. కళ్ళ డాక్టరు అద్దాలు రాశాడు. అద్దాలతో చూస్తే రెండు బోర్డులూ ఇంకా స్పష్టంగా కనపడ్డాయి. మళ్ళీ వెళ్తే, "ఇది మిరప ఘాటు, ఊరు మారండి," అన్నాడు. గుంటూరులో ఉన్నవాళ్ళందరికీ లేని ఘాటు ఈయన ఒక్కడికే ఎందుకు తగిలిందని అడిగితే, అది శరీరతత్వం అన్నాడు. పళ్ళ డాక్టరు నమలడం కష్టంగా ఉందని వినగానే, గట్టిగా ఉన్న రెండు దవడపళ్ళు పీకాడు. మాస్టారి భార్య అనసూయమ్మగారి పుట్టింటివాళ్ళు నమ్మే ఒకాయన, ఇది గాలి అని తాయెత్తు కట్టాడు. ఎవరి దగ్గరికి వెళ్తే వాళ్ళు అమ్మే సరుకులోనే జబ్బు దొరికింది. చెప్పుల కొట్టుకు వెళ్ళి ఉంటే అరికాళ్ళలో దొరికేది.

చివరికి మా ఆసుపత్రికి వచ్చారు. అనసూయమ్మగారు భర్తను ముందురోజు పెందలాడే పడుకోబెట్టి, పొద్దున మంచి చొక్కా వేసి, దారిలో మాట్లాడనివ్వకుండా రిక్షాలో తీసుకొచ్చారు. డాక్టరు ముందు మనిషి కాస్త బాగా కనపడాలని ఆవిడ ఆశ. ఆడవాళ్ళందరూ ఇదే చేస్తారు. రోగిని పెళ్ళిచూపులకు తయారు చేసినట్టు చేసి తెస్తారు.

పెద్ద డాక్టరుగారు నాలుక చాపించారు. చేతులు పైకెత్తించారు. మోకాలి మీద కొట్టి చూశారు. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి.

"బానే ఉన్నావే! ఏదీ, నోరు తెరిచి గాలి వదులు." ముక్కు దగ్గర పెట్టి వాసన చూశారు. "పొద్దున అలవాటు లేదన్నమాట."

"నాకు ఏ పూటా అలవాటు లేదండీ," అన్నారు మాస్టారు, ళలూ ణలూ అడిగితే అవి కూడా ఇచ్చేటంత స్పష్టంగా.

డాక్టరుగారు అనసూయమ్మగారి వైపు తిరిగారు. "సాయంత్రాలు ఎక్కడికి వెళ్తాడమ్మా?"

"రాత్రి బడికండీ."

"ఆ బడి ఎక్కడుందో ఒకసారి నువ్వే స్వయంగా వెళ్ళి చూసుకోమ్మా."

చీటీ మీద నరాల బలహీనత అని రాశారు. ఎర్రమందు పొడిచారు.

వరండాలోకి వచ్చాక అనసూయమ్మగారు స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. "రత్తమ్మా, నువ్వు రోజూ ఆయన ఎదురుగా కూర్చుని చదువుకుంటావుగా. నీకెప్పుడైనా వాసన వచ్చిందా?"

"సుద్దముక్క వాసన వచ్చేదమ్మగారూ. అంతే."

"ఇన్నేళ్ళు కాపురం చేసిన నాకు తెలియదా ఆయన నోటి సంగతి? ఈయన వచ్చి వాసన చూస్తాడా!" అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "రాత్రిపూట అన్నం దిగట్లేదే. ముద్ద గొంతులో ఆగిపోతే పక్కన కూర్చుని వీపు రాస్తూ ఉంటాను. ఉద్యోగం సంగతి తర్వాత. ముందు ఆ ముద్ద దిగితే చాలు."

నరాల డాక్టరుగారి మొదటి రాక

మద్రాసు నుంచి నరాల స్పెషలిస్టు ఒకాయన నెలకొకసారి మా ఆసుపత్రికి వచ్చేవారు. రైలు దిగి, చూసి, మళ్ళీ రైలెక్కేవారు. అరవాయన. తెలుగు కొద్దిగా వచ్చు. నాకు అక్షరాలు ఎంత వచ్చో అంత. పెద్ద డాక్టరుగారికి చెప్పి చెప్పి మాస్టారిని ఆ రోజు వరుసలో ముందు పెట్టించాను.

మళ్ళీ అదే పొద్దుట. అదే మంచి చొక్కా. మాస్టారు కూర్చోకముందే పెద్ద డాక్టరుగారు ఇంగ్లీషులో సంగతంతా చెప్పేశారు. అందులో ఆల్కహాలు అన్న మాట నాకు అర్థమైంది, పుండ్లు తుడవడానికి మేము వాడేదే కాబట్టి. స్పెషలిస్టుగారు తల ఊపి మాస్టారి వైపు తిరిగారు.

"ఏమి కష్టం?"

"కళ్ళండీ," అన్నారు మాస్టారు, నాలుక చక్కగా మడతపెట్టి.

"కళ్ళు. రోజూనా?"

"రోజూనండీ. సాయంత్రమైతే చాలు."

"పొద్దున?"

"పొద్దున ఉండదండీ. బాగా అలిసిపోయిన రోజున మరీ ఎక్కువ."

"అలిసిపోతే ఎక్కువ. అందరికీ అంతే. ఎన్నాళ్ళుగా?"

"ఏడాది దాటిందండీ."

"మానెయ్యి."

మాస్టారు తెల్లబోయారు. "కళ్ళు ఎలా మానేస్తామండీ?"

"అందరూ ఇదే మాట చెప్తారు," అని స్పెషలిస్టుగారు తర్వాతి మనిషిని పిలవమన్నారు.

ఆ నెలంతా మా వరండాలో అదే చర్చ. మద్రాసు నుంచి రైలు ఖర్చులు పెట్టుకుని వచ్చినాయన కళ్ళు మానెయ్యమన్నాడని ఒకరంటే, పెద్ద డాక్టర్ల మాటల్లో ఏదో లోతు ఉంటుందని ఇంకొకరు. కళ్ళు మూసుకుని ధ్యానం చెయ్యమని అర్థం అని మా కాంపౌండరు తేల్చాడు. పాపం, మాస్టారు కొన్నాళ్ళు అదీ చేశారు.

ఇంజను చెడిన రోజు

తర్వాతి నెల స్పెషలిస్టుగారు వచ్చే రోజే సెలవులకు ముందు ఆఖరి అవకాశం. రెండోసారి చూడడానికి పెద్ద డాక్టరుగారు ఒప్పుకోలేదు. అనసూయమ్మగారు ఒప్పుకోవడం గురించి ఎవరినీ అడగలేదు. పొద్దున్నే భర్తను తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టి, తను పక్కన కూర్చున్నారు. వాళ్ళను లేవమని చెప్పే పని పెద్ద డాక్టరుగారు నాకు అప్పగించారు. ఆ పని చెయ్యడానికి ఆ రోజంతా నాకు తీరిక దొరకలేదు.

రైలు రాలేదు. తెనాలి అవతల ఎక్కడో ఇంజను చెడిపోయిందని కబురు వచ్చింది. భోజనాల వేళ దాటింది. దూరపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కదల్లేదు. మాస్టారు ఊరికే కూర్చోలేని మనిషి. పక్కనున్న ఇద్దరు ముసలమ్మలకు ఆసుపత్రి గోడ మీది దాతల పేర్లు చూపించి అక్షరాలు మొదలుపెట్టారు. ఆ పేర్ల వల్ల ఎవరికైనా ఒక ఉపకారం జరగడం అదే మొదటిసారి.

"నోరు కట్టేసుకోండి! ఆయన వచ్చేసరికి మీకు మాట ఉండదు," అని అనసూయమ్మగారు మొత్తుకున్నారు.

"కాసేపేనే. వీళ్ళకి గుణింతం వచ్చేస్తోంది," అన్నారాయన.

స్పెషలిస్టుగారు బొగ్గు నుసి పడిన చొక్కాతో, ఆకలి కోపంతో దీపాలు పెట్టే వేళకు దిగారు. అప్పటికి మాస్టారి రెప్పలు సగానికి జారాయి. గడ్డం అరచేతిలో ఉంది. అమ్మగారూ నేనూ చెరో రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాం.

పెద్ద డాక్టరుగారి ముఖం వెలిగిపోయింది. "చూడండి! నా ఆసుపత్రి వరండాలోనే! ఏయ్ రత్తమ్మా, ఏం తెచ్చి పోశావు ఇతనికి?"

"మజ్జిగండీ. అమ్మగారు తెచ్చారు. నేనూ తాగాను," అన్నాను. నేను తూలుతున్నానేమో అని ఆయన ఒకసారి చూశారు కూడా.

స్పెషలిస్టుగారు అడిగారు. "ఏమి కష్టం?"

మాస్టారు ముక్కుతో, ముద్దగా అన్నారు. "కల్లు... కల్లు పడిపోతున్నాయంది."

"ఒప్పేసుకున్నాడు!" అని పెద్ద డాక్టరుగారు బల్ల మీద చరిచారు.

స్పెషలిస్టుగారు మాత్రం లేచి నిలబడ్డారు. "రాయా? రాయి పడిందా? ఎక్కడ?" అంటూ మాస్టారి తల వెంట్రుకలు పాయలు తీసి గాయం కోసం వెతికారు. గాయం లేదు. తల ఎత్తి ముఖం చూశారు. అప్పుడు, ఆ ఏడాదిలో మొదటిసారి, ఒక డాక్టరు ఆ ముఖం వంక నిజంగా చూశాడు.

పైకప్పు వైపు చూడమన్నారు. మాస్టారు చూస్తుండగానే రెప్పలు పూర్తిగా వాలిపోయాయి. అంకెలు గట్టిగా లెక్కపెట్టమన్నారు. గొంతు పోనుపోను దిగిపోయి, పెదవులు మాత్రమే కదిలాయి. స్పెషలిస్టుగారు ఆకలి మర్చిపోయారు. కాంపౌండరును పిలిచి ఒక మందు పేరు చెప్పారు. ఆపరేషన్ తర్వాత మూత్రం రానివాళ్ళకు మేము ఇచ్చే సూదిమందే అది. మా బీరువాలోనే ఉంది. ఇన్నాళ్ళూ మాస్టారు ఊరంతా తిరుగుతుంటే అది అక్కడే కూర్చుని ఉంది.

సూది వేశాక అందరం మాస్టారి రెప్పల వంకే చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి ఎడమ రెప్ప లేచింది. తర్వాత కుడిది. మాస్టారు గడ్డం కింది చెయ్యి తీసేశారు. తల నిలబడింది.

"ఇప్పుడు చెప్పండి," అన్నారు స్పెషలిస్టుగారు.

"కళ్ళండీ! కళ్ళు తెరుచుకున్నాయి!"

స్పెషలిస్టుగారు ఆ మాటను ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. "అరవంలో కళ్ళు అంటే మీరు తాగే కల్లు. మీ కల్లు అంటే మాకు రాయి. పోయిన నెల ఈయన కళ్ళు అన్నాడు, నేను సారాయి వ్యవహారం అనుకున్నాను."

నవ్వొచ్చింది గానీ, అనసూయమ్మగారి ముఖం చూసి ఎవరూ నవ్వలేదు. ఆవిడ స్పెషలిస్టుగారి కళ్ళలోకి సూటిగా చూస్తూ, "అయితే ఆయన్ని మీరు మానెయ్యమన్నది కల్లునన్నమాట," అన్నారు.

"తప్పు నాదేనమ్మా," అన్నారాయన. డాక్టరు నోట అలాంటి మాట విని నేను కాస్త కంగారు పడ్డాను.

నరం ఇచ్చే హుకుం కండకు సరిగా అందని జబ్బట. పనిచేసే కొద్దీ కండ వట్టిపోతుంది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ కాస్త ఊరుతుంది. పూర్తిగా పోదు, మాత్రలు వేసుకుంటూ నెట్టుకురావాలి. దానికి గూడ్సు బండి అంత పొడుగు పేరు ఒకటి రాసిచ్చారు. మా పెద్ద డాక్టరుగారు దాన్ని చదివి, తృప్తిగా, "నేను మొదటి రోజే నరాల బలహీనత అని రాశాను," అన్నారు.

ఆ జబ్బును కనిపెట్టిన గొప్పతనం ఎవరిదని నన్ను అడిగితే, చెడిపోయిన ఇంజనుదంటాను. అది బాగుండి ఉంటే మేమంతా చాలా సమర్థంగా, వేళకు, ఆయన్ని తాగుబోతును చేసి పంపేసేవాళ్ళం. రోగి సాయంత్రం అని చెబితే సాయంత్రం చూడాలి. ఇది తెలుసుకోవడానికి మద్రాసు దాకా పోనక్కర్లేదు.

కమిటీ తీర్పు

కోటయ్యగారు ఆ ఇంగ్లీషు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారట. "ఇంగ్లీషులో తాగుడును ఇలాగే రాస్తారేమో ఎవరికి తెలుసు? తెలుగులో చెప్పించుకురా," అన్నారు. తెలుగులో చెప్పవలసింది మా పెద్ద డాక్టరుగారు. ఆయన ఏం చెప్పారో మీకు తెలుసు. "తాగితే నరాలు బలహీనమే గదా," అంది కమిటీ.

అప్పుడు మాస్టారే ఒక నిర్ణయం తీసుకున్నారు. కమిటీ కూర్చునే రోజు మధ్యాహ్నం మాత్ర వేసుకోకుండా ఉండిపోయారు. ఆసుపత్రి తరఫున ఒకరు ఉండాలంటే పెద్ద డాక్టరుగారికి తీరిక లేక నన్ను పంపారు. కోటయ్యగారి మిర్చి కొట్టులో, బస్తాల మధ్య, సాయంత్రం. కమిటీవాళ్ళు తుమ్ముతూ కూర్చున్నారు. అనసూయమ్మగారు బయట అరుగు మీద ఉండిపోయారు.

మాస్టారు మాట్లాడబోయారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఇదిగో, ఇదే మేము చెప్పేది!" అన్నాడొకాయన. మాస్టారు చేత్తో ఆగమని, మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగారు. సగం నీళ్ళు ముక్కులోంచి వచ్చేశాయి. మాత్ర కూడా వచ్చేస్తుందేమో అని నా ప్రాణం పోయింది. ఆయన కళ్ళు మూసుకుని, మెడ పట్టుకుని, దాన్ని ఎలాగో మింగారు. అది చూశాక కొట్టులో మాటలు తగ్గాయి.

తర్వాత అందరం ఎదురుచూశాం. కాఫీలు వచ్చాయి. చిలకలూరిపేట వైపు పత్తి ఎలా ఉందో మాట్లాడుకున్నారు. కాఫీ గ్లాసులు ఎత్తేసిన చాలాసేపటికి మాస్టారు లేచి నిలబడి, స్కూల్లో పొద్దున వినపడే గొంతుతో అన్నారు. "ఇప్పుడు అడగండి కోటయ్యగారూ, ఏమడగదలచుకున్నారో."

కోటయ్యగారు ముందుకు వంగి ఆయన ముఖం పరీక్షగా చూశారు.

"ఓరి నాయనో! ఎక్కింది ఎక్కినట్టే దిగిపోయిందే! మాస్టారూ, ఆ మాత్రలు నాక్కూడా ఓ డబ్బా తెప్పించండి. మా బావమరిదికి కావాలి."

"ఇది తాగేవాళ్ళకి పనిచెయ్యదండీ. తాగనివాళ్ళకే."

"తాగనివాడికి దిగే మాత్ర ఎందుకయ్యా?"

"అదేనండి నా జబ్బు," అన్నారు మాస్టారు.

కమిటీ అంతా తుమ్ములు ఆపి మరీ నవ్వింది. ఆ నవ్వులోనే, "సర్లే, సెలవులవగానే బడికి రండి. మాత్ర మాత్రం మర్చిపోకండి," అని తీర్పు అయిపోయింది. ఏం అర్థం చేసుకుని ఇచ్చారో ఆ దేవుడికే తెలియాలి.

బయట అనసూయమ్మగారు అరుగు దిగి ఎదురొచ్చారు. "ఏమన్నారు?"

"తాగుబోతునేనట. కానీ మంచి మందు దొరికిందట. ఉద్యోగానికి రమ్మన్నారు."

ఆవిడ ఒక్క క్షణం కొట్టు లోపలికి చూశారు. లోపల ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

"అనుకోనివ్వండి," అని ఆయన చెయ్యి పట్టుకున్నారు. "త్వరగా నడవండి. మాత్ర పనిచేస్తుండగానే ఇంటికి చేరితే రెండు ముద్దలు తినొచ్చు."